కౌంటరు కబుర్లు: జామీనమేషాలు

కిందటి సంచికలో లాకరు తాళంచెవుల గురించి రాస్తే, చెవి పోగొట్టుకున్నవాళ్ళే ఎక్కువమంది ఉత్తరాలు రాశారు. ఇంట్లో తెలియకుండా రాశామని ఇద్దరు షరా కూడా పెట్టారు. ఈసారి కౌంటరుకు అవతల నిలబడేవాళ్ళకు కనబడని సంగతి ఒకటి చెబుతాను. మా పదకొండు గంటల కాఫీ.

బ్యాంకువాళ్ళు కాఫీకి లేచేది ఖాతాదారుల బారి నుంచి తప్పించుకోవడానికేనని మీలో చాలామంది నమ్మకం. అది పొరపాటు. ఖాతాదారుకు "కుదరదండీ" అని చెప్పడం మాకు మంచినీళ్ళప్రాయం. రూలుంది, సర్క్యులరుంది, మేనేజరుగారున్నారు, వీటిలో ఏదీ అక్కరకు రాకపోతే హెడ్డాఫీసుంది. చిక్కంతా పక్క కుర్చీలో కూర్చునే మనిషితోనే. ఆయనకు ఏ సర్క్యులరు చూపిస్తాం? బదిలీ ఆర్డరు వచ్చేదాకా రోజూ ఆయన మొహం చూస్తూనే కాఫీ తాగాలి. పైగా ఆయన ఏది అడిగినా కాఫీ దగ్గరే అడుగుతాడు. చేబదులు ఓ అయిదు వందలు. చీటీలో ఒక్క పేరు తగ్గింది, మీరు చేరితే నిండిపోతుంది. మా ఆవిడ ఎల్లైసీ ఏజెన్సీ తీసుకుంది, మొదటి పాలసీ మీదే కావాలని ముచ్చట పడుతోంది. ఇవన్నీ ఒక ఎత్తు. "ఈ కాగితం మీద ఓ చిన్న సంతకం" అనేది ఒక్కటీ ఒక ఎత్తు.

ఆ చిన్న సంతకం ఏమిటో బి.కాం. చదివినవాణ్ణి గనుక నాకు తెలుసు. ఉద్యోగుల సహకార సంఘంలో అప్పు కావాలంటే తోటి సభ్యులు ఇద్దరు జామీను ఉండాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 126వ సెక్షను జామీనంటే ఏమిటో చెబుతుంది. 128వ సెక్షను అసలు సంగతి చెబుతుంది. అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో జామీనుదారు బాధ్యతా అంతే. పరీక్షలో ఈ ప్రశ్నకు నాకు మంచి మార్కులే వచ్చాయి. అయినా ఉద్యోగంలో చేరిన ఆరు నెలలకే కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని ఓ పెద్దమనిషికి సంతకం పెట్టేశాను. ఆయన కట్టలేదు. పద్నాలుగు నెలలపాటు నా జీతంలో నెలకు మూడు వందల యాభై రూపాయలు కోశారు. లెక్క వేసుకుంటే నాలుగు వేల తొమ్మిది వందలు. 128వ సెక్షను నాకు కంఠతా వచ్చింది అప్పుడే.

నా సొంతూరు గూడూరు. 1992లో మొదటి పోస్టింగు రాజపాళయంలో ఇచ్చారు. తమిళనాడు అనగానే ఇంట్లోవాళ్ళు భాష రాదని బెంగపెట్టుకున్నారు. ఇక్కడికొచ్చాక తెలిసింది, ఊరి పేరులోనే రాజులున్నారని. విజయనగరం రోజుల తరువాత దక్షిణానికి వలస వచ్చిన రాజుల కుటుంబాలు స్థిరపడ్డ ఊరిది. ఇళ్ళలో ఈనాటికీ తెలుగు వినబడుతుంది. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన పి.ఎస్. కుమారస్వామి రాజాగారిది ఈ ఊరే. 1936లో రాజపాళయం మిల్స్ పెట్టిన పి.ఏ.సి. రామసామి రాజాగారిదీ ఈ ఊరే.

నా తరువాత కొన్నాళ్ళకు కడప నుంచి ఒక మిత్రుడు మా బ్రాంచికి వచ్చాడు. తమిళనాడులో ఇంకెక్కడైనా ఇద్దరు తెలుగువాళ్ళు పక్కపక్కన కూర్చుంటే తెలుగే వాళ్ళ రహస్య భాష. ఎదుటివాడి గురించి ఎదుటే మాట్లాడుకోవచ్చు. మావాడూ అదే ధీమాతో దిగాడు. మొదటి రోజే, కౌంటరు దగ్గర పాస్‌బుక్కు తిరగేస్తూ నిలబడ్డ ఒక పెద్దాయన్ని చూసి, "ఈయన పుస్తకం ఆఖరి పేజీ దాకా చదివితేగానీ కదిలేట్టు లేడన్నా" అన్నాడు నాతో. పెద్దాయన తలెత్తకుండానే, "కదులుతాలే నాయనా, ఈ వడ్డీ ఎప్పుడు పడిందో చెప్పు, కదులుతా" అన్నాడు. చత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేయించే ఆసామి ఆయన. మావాడు ఆ రోజంతా తల పైకెత్తలేదు.

అలా ఈ ఊళ్ళో మా రహస్య భాష మొదటి రోజే బట్టబయలైంది. మేనేజరు గదిలో తెలుగు, క్యాషు కౌంటరులో తెలుగు, కాఫీ తెచ్చే హోటలు కుర్రవాడిక్కూడా తెలుగు. ఇక "అదుగో ఫారం పట్టుకుని వస్తున్నాడు, జారుకుందాం" అని ఎలా చెప్పుకోవడం? ఎవరికీ తెలియని తెలుగు కావాలి. లేనప్పుడు పుట్టించుకోవాలి. ఇందులో మాకు గురువు పింగళి నాగేంద్రరావుగారు. 1957 నాటి మాయాబజార్‌లో అసమదీయులనీ తసమదీయులనీ కొత్త మాటలు పుట్టించిన శిష్యుణ్ణి ఘటోత్కచుడు కోప్పడకపోగా వీరతాడు వేయిస్తాడు గదా. అదే మా రాజ్యాంగం.

మొదటి మాట మావాడిదే. డవరాయించడం. ఎవరైనా అడగబోతున్నారని పసిగట్టగానే టంబ్లరులోని కాఫీని డవరాలోకి, డవరాలోంచి టంబ్లరులోకి తిరగబోస్తూ ఉండాలి. వేడి తగ్గించుకుంటున్న మనిషిని ఎవరూ మధ్యలో ఆపరు, కాఫీ ఒలుకుతుందని భయం. బుకాయించడం, దబాయించడం, ఉడాయించడం అనే వరుసలో డవరాయించడం ఎంత చక్కగా ఒదిగిందో చూడండి, నిఘంటువులో ఎప్పటి నుంచో ఉన్నట్టు లేదూ? రెండోది నాది. లెడ్జరాంతర్ధానం. అప్పట్లో లెడ్జర్లు రాములవారి విల్లంత బరువు. ఒకటి తెరిచి నిలబెడితే వెనుక మనిషి ఉన్నదీ లేనిదీ తెలిసేది కాదు. కంప్యూటర్లు వచ్చి ఈ విద్యను సర్వనాశనం చేశాయి.

మూడోది ఈ వ్యాసానికి పేరైంది. జామీను సంతకం అడిగినవాడికి అవునని గానీ కాదని గానీ చెప్పకుండా "ఇంక్రిమెంటు రానీండి", "సొసైటీలో నా పరిమితి ఎంతుందో చూసుకోనీండి" అని రోజులు నెట్టడమే జామీనమేషాలు లెక్కించడం. జామీనులోనూ మీనం ఉంది, మీనమేషాల్లోనూ మీనం ఉంది. ఆ ఒక్క మీనాన్ని రెండు మాటలకూ జాయింటు ఖాతాగా తెరిచాం.

పేర్లు లేని పనులకు పేర్లు వెతకడం మాకే పట్టిన పిచ్చి అనుకోకండి. ఆస్కార్ వైల్డ్ 1895 నాటి నాటకం ఒకదానిలో ఒక కులీన యువకుడు, ఇష్టం లేని విందులకు పిలుపు వచ్చినప్పుడల్లా పల్లెటూళ్ళో బన్‌బరీ అనే రోగిష్టి స్నేహితుడు మంచం పట్టాడని చెప్పి తప్పించుకుంటాడు. బన్‌బరీ అనేవాడు లేనే లేడు. ఆ పనికి ఆ పాత్ర పెట్టిన పేరు బన్‌బరీయింగ్. మా ఆయించడానికి ఆయన ఇంగు అన్నమాట. 1983లో డగ్లస్ ఆడమ్స్, జాన్ లాయిడ్ అనే ఇద్దరు, ఊళ్ళ పేర్లు బోర్డుల మీద ఊరికే పడి ఉన్నాయని, పేరు లేని అనుభవాలకు వాటిని తగిలించి ఏకంగా ఒక నిఘంటువే వేశారు. ఆ సంగతి తెలిశాక మేమూ మా చుట్టుపక్కల ఊళ్ళ మీద పడ్డాం. పక్కనే శ్రీవిల్లిపుత్తూరు, పాలకోవాకు పేరు. "మీరడిగితే కాదంటానా సార్, మీకు గాక ఎవరికి, కానీ..." అని తియ్యగా తప్పుకుంటే అది శ్రీవిల్లిపుత్తూరు. "ఇప్పుడే రాసిచ్చేస్తా!" అని గట్టిగా పేలి, మర్నాటికి కాగితం ముక్కలు తప్ప ఏమీ మిగల్చనిది శివకాశి. తిరునెల్వేలి జోలికి మాత్రం పోలేదు. హల్వా ఇచ్చాడంటే మోసం చేశాడనే అర్థం తమిళులు మాకన్నా ముందే స్థిరం చేసుకున్నారు.

ఇక వారఫలాలు. తమిళనాట ఏ ఇంటి గోడకు చూసినా రోజుకో కాగితం చింపే క్యాలెండరు ఉంటుంది. దాని మీద రాహుకాలం, యమగండం, గుళికకాలం గంటలతో సహా అచ్చేస్తారు. మా డైనింగు గదిలోనూ ఒకటి వేలాడేది. ఒకనాడు కాఫీ తాగుతూ దాన్ని చూస్తుంటే నాకు జ్ఞానోదయమైంది. సోమవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా యమగండం. శుక్రవారం అదే వేళకు రాహుకాలం. బుధవారం అదే వేళకు గుళిక. గుళికలో చేసిన పని మళ్ళీ మళ్ళీ జరుగుతుందంటారు. మంచి పనులకు బాగే, అప్పు ముట్టుకుంటే మాత్రం అదే అలవాటవుతుందని భయం. మంగళవారానికి ఈ గండాలు లేకపోయినా చేతి నుంచి డబ్బు జారవిడవకూడదనే పట్టింపు ఉండనే ఉంది. శనివారం అప్పట్లో మాకు సగం రోజే, స్థిమితంగా కాఫీ ఎక్కడ? అంటే పంచాంగ రీత్యా మా పదకొండు గంటల కాఫీకి రక్షణ లేని రోజు ఒక్క గురువారమే! అడిగేవాళ్ళందరూ గురువారమే అడిగేవారు. దానికి మేం పెట్టిన పేరు గురుగండం. మా హెడ్ క్యాషియరుగారు చాలాకాలం దాన్ని జాతకంలో ఏదో దోషమనుకుని, పరిహారం ఏమైనా ఉందా అని నన్ను పక్కకు పిలిచి అడిగారు.

వీరతాడు సంగతి చెప్పలేదు గదూ. మా బ్రాంచిలో ఒక దఫ్తరీ ఉండేవాడు. నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. అందరూ అన్నా అనే పిలిచేవాళ్ళం. రోజూ సాయంత్రం లెక్క సరిపోయాక ఆనాటి ఓచర్లన్నీ వరుసగా పేర్చి, పెద్ద సూది, పురికొస పట్టుకుని కుట్టేవాడు. ఇంట్లో తెలుగే. మాటలు మేం పుట్టిస్తుంటే, తన మూల బల్ల దగ్గర నిలబడి కాఫీ తాగుతూ అన్నీ వినేవాడు. ఒకరోజు సాయంత్రం పురికొస ఓ మూర తెంపి, "డవరాయించడానికి వేసుకో సార్ వీరతాడు" అని మా కడపవాడి మెడలో వేశాడు. అప్పటి నుంచి తీర్పరి ఆయనే. వారానికి ఒకసారి, బాగా పుట్టిన మాటకో, పుట్టిన మాటను బాగా వాడినవాడికో ఒక తాడు. నా సొరుగులో ఏడెనిమిది పోగయ్యాయి.

1994 జూన్. కాలేజీలు తెరిచే రోజులు. గురువారం. మా కడపవాడూ నేనూ కాఫీ దగ్గర కూర్చున్నాం. దఫ్తరీ అన్న ఎప్పటిలా తన మూలన నిలబడక మా బల్ల దగ్గరికి వచ్చాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం అంచు కనబడుతోంది. సొసైటీ ఫారం అంచు చూసి గుర్తుపట్టలేని గుమాస్తా ఉండడు.

"సార్..." అన్నాడు.

నిజం చెబుతున్నాను, నేను ఆలోచించి చేసిన పని కాదది. చేతులు వాటంతట అవే టంబ్లరు ఎత్తాయి. పోశాను. తిరగబోశాను. మళ్ళీ పోశాను. మా కడపవాడు "ఆ లెడ్జరు బ్యాలెన్సు..." అని ఏదో గొణిగి లేచి వెళ్ళిపోయాడు. అన్న అక్కడే నిలబడి కాఫీ పైకి వెళ్ళడం, కిందికి రావడం చూస్తున్నాడు. నురగంతా పోయింది. పోయడం ఆపితే తలెత్తాలి, తలెత్తితే ఆయన అడుగుతాడు. అందుకని ఆపలేదు.

"చల్లారిపోతుంది, తాగండి సార్" అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఓచర్లు కుట్టడం పూర్తయ్యాక నా బల్ల దగ్గరికి వచ్చి, పురికొస ఓ మూర తెంపి నా ముందు పెట్టాడు. "ఈ వారం మీదే సార్ వీరతాడు" అన్నాడు. మొహంలో ఎగతాళి లేదు, కోపం లేదు. ప్రతివారం ఎలా ఇచ్చేవాడో అలాగే ఇచ్చాడు. మా కడపవాడు అలవాటు కొద్దీ నవ్వబోయి, సగంలో ఆపేశాడు.

మర్నాడు శుక్రవారం, సరిగ్గా రాహుకాలంలో, నేనే ఆయన మూలకు వెళ్ళి ఫారం ఇమ్మన్నాను. అవసరం తీరిపోయిందన్నాడు. పెద్దమ్మాయికి టీచరు ట్రైనింగులో సీటు వచ్చిందట, ఆరు వేలు కట్టాలట, గురువారం సాయంత్రమే భార్య మెడలోని గొలుసు తాకట్టు కొట్లో పెట్టి తెచ్చాడట. ఆ ముందు సోమవారం నుంచీ ఫారం జేబులోనే ఉందట.

"సోమవారమే అడగొచ్చు గదన్నా" అన్నాను.

"మీరు చెప్పినారు గదా సార్, గురువారం తప్ప దేనికీ పనికిరాదని. అందుకే కాచుకొని ఉంటిని."

"పోనీ గురువారం నోరు తెరిచి అడగాల్సింది."

"అడిగితే మీరు కాదని చెప్పాల్సొస్తుంది గదా. నాకు చెప్పేదానికి మీకూ కష్టం, వినేదానికి నాకూ కష్టం. డవరా ఎత్తినారు, సరే అనుకుంటిని. ఆ మాట ఉండబట్టి ఇద్దరికీ పని సులువైపోయింది." ఇంత చెప్పి, సూదిలో దారం ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు.

దెప్పుతున్నాడేమోనని ఆయన మొహంలోకి చూశాను. లేదు. ఆ మాటలు మాకోసం పుట్టించుకున్నామని నేననుకుంటూ వచ్చాను. వాటి నీడన అడిగేవాళ్ళూ తలదాచుకుంటున్నారని, లేదనే మాట చెవిన పడకుండా వెనక్కి వెళ్ళిపోవడానికి వాళ్ళకూ అవి దారి ఇస్తున్నాయని ఆ రోజు దాకా నాకు తట్టలేదు. అయితే దీన్ని సమర్థనగా చెప్పుకునే ధైర్యం నాకు లేదు. ఎందుకంటే, మళ్ళీ అదే, బి.కాం. చదివినవాణ్ణి. తాకట్టు కొట్టు వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. సొసైటీ వడ్డీ అందులో సగం. ఆరు వేల మీద తేడా నెలకు అరవై రూపాయలు. గొలుసు విడిపించడానికి ఆయనకు పదకొండు నెలలు పట్టింది. ఆరు వందల అరవై. నాలుగుసార్లు డవరా తిప్పినందుకు ఆ ఇంటివాళ్ళు కట్టిన రుసుము. ఆ డబ్బు నేనిస్తానంటే ఆయన తీసుకోలేదు. ఏ హెడ్డు కింద రాస్తారు సార్, అని నవ్వాడు.

ఆ తరువాత 1996లో ఇంటి కప్పు మార్చడానికి ఆయన సొసైటీ అప్పు పెట్టుకుంటున్నాడని తెలిసి, ఫారం నేనే అడిగి తీసుకుని సంతకం పెట్టాను. ఒక్క వాయిదా తప్పలేదు. నా మొదటి పెద్దమనిషి విషయంలో నా అంచనా తప్పింది, ఈయన విషయంలోనూ తప్పింది. మనుషుల పరపతి అంచనా వేసే ఉద్యోగంలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఉన్నాను, ఈ రెండు పద్దులూ ఎప్పుడూ గుర్తుంచుకుంటాను.

మాటలు పుట్టించడం మానేశామా అంటే, లేదు. అంత గొప్పవాళ్ళం కాము. కాకపోతే దఫ్తరీ అన్న దగ్గరికి వస్తుంటే డవరా బల్ల మీద పెట్టెయ్యాలని మాలో మేం ఒక రూలు పెట్టుకున్నాం. దానికి మాత్రం పేరు పెట్టలేదు.

తరువాత ఎన్నో ఊళ్ళు తిరిగి, ఆఫీసరునై మళ్ళీ ఈ ఊరికే వచ్చాను. ఇప్పుడు ఓచర్లు కుట్టే బల్లా లేదు, ఆ లెడ్జర్లూ లేవు. డవరాలు పోయి కాగితం కప్పులొచ్చాయి, వాటిని ఎంత తిరగబోసినా గుక్కెడు కాఫీకి ఎంతసేపు నటిస్తాం? "పర్సు ఇంట్లో మరిచిపోయానండీ" అనే మన తాతలనాటి సాకును 2016లో వచ్చిన యూపీఐ పాతేసింది. ఫోను చేతిలోనే ఉందిగా సార్, అంటారు. అయినా భాష ఎక్కడికీ పోలేదు. మొన్న ఎవరో సహోద్యోగి డబ్బు పంపమని అడిగితే, గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన మా అమ్మాయి "సర్వరోగం అండీ" అంది. ఏం రోగమమ్మా అని కంగారుగా అడిగాను. సర్వరుకు రోగం సార్, అంది. అన్ని అడగడాలకూ ఒకటే మందు! పురికొస దొరక్క, నా మెడలోని గుర్తింపు కార్డు తాడే తీసి ఆ పిల్లకు వేశాను. ఎందుకు వేశానో ఆ పిల్లకు అర్థం కాలేదు. మాయాబజార్ చూడమ్మా అన్నాను.

పోయిన నెల పాత బస్టాండు దగ్గర దఫ్తరీ అన్న కనిపించాడు. డెబ్బై దాటాయి, చేతికర్ర వచ్చింది. పెద్దమ్మాయి టీచరు ఉద్యోగంలో ఉందని, ఆమె కొడుక్కి ఇప్పుడు కాలేజీ అని చెప్పాడు. ఇద్దరం హోటల్లో కూర్చున్నాం. ఆ హోటల్లో ఇంకా డవరా, టంబ్లరు ఇస్తారు. పొగలు కక్కుతోంది కాఫీ. మాట్లాడుతూ నేను మామూలుగానే టంబ్లరు ఎత్తి డవరాలోకి పోయబోయాను.

ఆయన చేతికర్ర బల్లకు ఆనించి, "ఏమీ అడగబోనులే సార్, తాగండి" అన్నాడు.